కుండల్లో గాలి

నమోదు 1 – సోమవారం

మార్పును నడిపే పై అధికారి రోజూ డైరీ రాయాలట. రాస్తే మనసు తేలికపడుతుందట. తేలే ఊళ్ళన్నిటికీ పైనున్న సమాఖ్య వాళ్ళు పెట్టిన శిక్షణలో చెప్పారు. నా మనసు సంగతి తర్వాత, ముందు ఊరు తేలికగా ఉంటే నాకదే పదివేలు.

నా పేరు గొర్లె భానుమతి. శుక్రుడి మబ్బుల్లో తేలే మా మబ్బుపాలెంలో తేలింపు సంస్థకు ముఖ్య నిర్వాహకురాలిని. ఊరు కింద పడకుండా చూడడం నా ఉద్యోగం. పడనన్నాళ్ళూ నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు.

ఈరోజు ఎనిమిది పేటల పెద్దల్నీ పిలిపించి విషయం చెప్పాను. ఇంతవరకూ ఏ పేటను తేల్చే గాలి బుడగ ఆ పేటదే, దాని మర తాళం కూడా ఆ పేటదే. ఇక మీదట గొట్టాలు కలిపి ఎనిమిదింటినీ ఒకటి చేస్తాం. పోయినేడు సాలిపేట బుడగ చిరిగితే, పక్క పేటల పెద్దలు తమ గాలి అటు వదలాలా వద్దా అని ఒక పూటంతా చర్చించారు. ఆ పూటంతా సాలిపేట జనం వాలిపోయిన గచ్చు మీద పిల్లల్ని చీరలతో స్తంభాలకు కట్టేసుకుని కూర్చున్నారు. అది మళ్ళీ జరగకూడదు. దీనికి కాదనేవాళ్ళు ఎవరుంటారు?

ఎవరూ లేరు. అందరూ టీ తాగారు, అందరూ తల ఊపారు.

ముందుగా చెప్పండి, దాపరికం లేకుండా చెప్పండి అని శిక్షణలో నూరిపోశారు కాబట్టి మైకు పట్టుకుని ఊరంతటికీ చెప్పాను. వచ్చే నెల మొదటి తారీఖున ప్రతి బుడగలో గాలి కొలుస్తాం, కొలిచినదంతా కలిపి అందరికీ సమానంగా పంచుతాం. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు?

మీదపేట పెద్ద సన్యాసినాయుడు చేతులు కట్టుకుని, "మేడమ్మగోరు ఎలాగంతే అలాగే. మాదేటున్నాది" అన్నాడు.

అన్నిటికంటే కింద వేలాడే అడుగుపేటకు పెద్ద అసిరమ్మ. ఆమె ఒక్కతే ప్రశ్న అడిగింది. "కొలిసినాక మా గాలి మాదేనా అమ్మా?"

"అందరిదీ" అన్నాను.

"మంచిదే" అని తల ఊపింది. సగం పని అయిపోయిందనుకుని హాయిగా ఇంటికి వెళ్ళాను.

నమోదు 5 – శుక్రవారం

గోడలకు బోర్డులు పెట్టించాం. "ఒకే గాలి, ఒకే ఊరు" అని పెద్ద అక్షరాలు. మధ్యాహ్నానికల్లా సాలిపేటలో ఎవరో కింద బొగ్గుతో "ఒకే మేడం" అని కలిపారు. తుడిపించమని నా సహాయకుడు పైడిరాజుకు చెప్పాను. అతను అలాగేనన్నాడు. సాయంత్రం చూస్తే ఆ ముక్క తప్ప మిగతాది ఎవరో తుడిచేశారు.

పొద్దున్న కిటికీల మీద ఆమ్లపు మంచు తుడిచే వంతు మా వరుస ఇళ్ళది. రబ్బరు తొడుగులు వేసుకుని, గుడ్డ కట్టిన కర్ర బయటికి దూర్చి తుడుస్తుంటే ఎత్తు చూపించే ముల్లు కనబడింది. కొంచెం కిందికి జరిగింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. జరిగింది.

పైడిరాజును అడిగితే "ఎక్కడో కారుతోందేమో మేడం" అన్నాడు. వెతకమన్నాను. ముల్లు ఎర్రగీతకు ఇంకా చాలా పైనే ఉంది. ఎర్రగీత దాటితే కింద తట్టుకోలేని వేడి మొదలవుతుంది. అక్కడిదాకా దిగితే బరువు తగ్గించడానికి అట్టడుగు పేటను కోసి వదిలేయాలని సమాఖ్య నియమం. మనుషుల్ని ముందే పైకి తీసుకొస్తారు. ఇళ్ళు మాత్రం కిందికి పోతాయి. డెబ్భై కుటుంబాలు మిగతా పేటల నడవల్లో చాపలు పరుచుకుని బతకాలి. కోయమని సంతకం పెట్టాల్సింది నేనే.

నమోదు 11 – గురువారం

వారం నుంచి సబ్బు నీళ్ళ బకెట్లు మోయించాను. ప్రతి కుట్టు మీదా నురగ రాయించాను. ఒక్క బుడిపె పొంగితే ఒట్టు. ముల్లు మాత్రం రోజూ దిగుతోంది.

పేటకొకరికి ఫోన్ చేశాను. "మా బుడగ నిండుగా ఉన్నాదమ్మా" అని ఎనిమిది మందీ ఒకే మాట. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలేమయ్యాయో ఎవరికీ తెలియదు.

సమాఖ్య నుంచి శిక్షకుడు తెర మీదికి వచ్చి, జనంలో ప్రతిఘటన ఉంటే వాదించకండి, వినండి అన్నాడు. సరేనని మీదపేటకు వెళ్ళి ఒక పూటంతా విన్నాను. తొట్లలో బచ్చలి సరిగ్గా రావడం లేదట. పక్కింటి వాళ్ళు అంట్ల నీళ్ళు నడవలో పారబోస్తున్నారట. సన్యాసినాయుడి కోడలు మరమరాలతో ఉగ్గాణి చేసి పెట్టింది, బాగుంది. గాలి గురించి ఒక్కరు నోరు విప్పలేదు. నేను ఎత్తితే, "తమరికి తెలీందేటున్నాది" అని మళ్ళీ బచ్చలికి వచ్చారు. కోపం వచ్చినవాడితో మాట్లాడొచ్చు. మర్యాద చేసేవాడితో ఏం మాట్లాడతాం? తిరిగి వస్తూ మెట్ల మీద పళ్ళు నూరుకున్నాను.

నమోదు 16 – మంగళవారం

అడుగుపేటకు వెళ్ళాను. నిచ్చెన దిగుతుంటేనే వేడి తగిలింది. చెప్పులు లేని పిల్లలు గచ్చు మీద గెంతుతున్నారు, ఆట అనుకున్నాను. ఆట కాదు, కాళ్ళు కాలుతున్నాయి.

అసిరమ్మ తన ఇంటి ముందు తడి గోనె పరిచి కూర్చోబెట్టింది.

"మమ్మల్ని కోసీత్తారంట గదా" అంది మజ్జిగ గ్లాసు చేతికిస్తూ.

"అలాంటిదేమీ లేదు" అన్నాను. అబద్ధం. కోత ఆజ్ఞ ముసాయిదా నా బల్ల మీదే ఉంది.

"లేకపోతే లేదనే సెప్పండి. ఉంటే ముందుగాల సెప్పండి. మా ఆయన గోడకి కట్టిన అలమర్లు ఉన్నాయి, ఇప్పుకోవాల." కళ్ళలో నీళ్ళేం లేవు. బండెడు చాకిరీ ముందుంది, ఎప్పుడు మొదలెట్టాలో చెప్పమని అడుగుతున్నట్టుంది అంతే. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశాను.

ఆ ఇంటి పక్కనే వాళ్ళ దేవుడి గది. మా ఊళ్ళో గాలి నొక్కి నింపే ఇనప సిలిండర్‌ను కుండ అంటాం. ప్రతి పేట దేవుడి గదిలోనూ పసుపు రాసి బొట్టు పెట్టిన కుండ ఒకటుంటుంది. మొదట ఊరు కట్టిన తాతలు పెట్టిన ఆచారం అది. బుడగకు ఏమైనా అయితే పిల్లలకు ఊపిరి అందించడానికి ఆ ఒక్క కుండ. సంస్థ మనుషులు ఆ గడప దాటరు. అదీ ఆచారమే.

నేను కూర్చుని ఉండగానే ఇద్దరు ఆడవాళ్ళు ఒక మూట మోసుకుంటూ ఆ గదిలోకి వెళ్ళారు. పూజ సామానట. పత్రీ పూలూ మోసేవాళ్ళు అంతలా వంగిపోరు. తలుపు వేసేశారు.

నేను అడగలేదు. ఎందుకు అడగలేదో రాయక తప్పదు. మా ఆఫీసు దేవుడి గదిలోనూ ఆరు కుండలున్నాయి. మైకులో ప్రకటించిన మర్నాడే పైడిరాజు చేత రహస్యంగా నింపించాను. గొట్టాలు కలిపే రోజున ఎక్కడైనా తేడా వస్తే నా చేతిలో కొంత ఉండాలి కదా, ఎందుకైనా మంచిదని. ఊరి మేలు కోసమేనని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా హయాంలో మార్పు చెడిపోయిందనిపించుకోవడం ఇష్టం లేదు.

నమోదు 17 – బుధవారం

పైడిరాజు పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు. ఎప్పుడూ అంతే.

"మేడం, గాలి తయారుచేసే కర్మాగారం నుంచి వచ్చినదంతా పేటలకు అందింది. బయటికి కారలేదు. ఊళ్ళోనే ఉన్నాది."

"మరి ముల్లెందుకు దిగుతోంది?"

నేల చూపులు చూస్తూ, "మన గదిలో ఉన్నట్టే అందరి గదుల్లోనూ ఉంటాయి గదా మేడం" అన్నాడు.

చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. బుడగలో ఉన్న గాలి మనల్ని మోస్తుంది. కుండలో నొక్కి పెట్టిన గాలిని మనం మోయాలి. కొలిచి పంచుతామని నేను ముందుగా, స్పష్టంగా, దాపరికం లేకుండా చెప్పాను. కొలిచేలోపు ఎవరి జాగ్రత్త వాళ్ళు పడ్డారు. రోజూ కొంచెం బుడగ కక్కించి కుండ నింపారు. కింద పడతామన్న భయంతో దాచుకున్నారు, దాచుకున్నందుకే ఊరు కింద పడుతోంది. ఈ ముక్క నాకు ఇన్నాళ్ళూ తట్టలేదంటే, తట్టకూడదని నేనే అనుకున్నానేమో.

ఒళ్ళు మండిపోయింది. వెంటనే పెద్దల్ని పిలిపించాను. దేవుడి గదులు తెరవాలి, ఇవాళే తెరవాలి అన్నాను.

ఇన్నాళ్ళకు మర్యాద పోయింది.

"సంస్థోలు దేవుడి గదిలో కాలెట్టేది ఏ శాస్త్రంలో ఉన్నాది?" అన్నాడు సన్యాసినాయుడు.

"కుండలు లేవని ప్రమాణం చేస్తారా?"

"మేమెందుకు సెయ్యాల? ముందు కిందోల్ని సెయ్యమనండి."

అసిరమ్మ అతని వైపు తిరిగింది. "మేం తీత్తే నువ్వు తీత్తావని ఏటి నమ్మకం? మా బుడగ వదులైతే మమ్మల్నే ముందు కోత్తారు. నువ్వు మీదనుండి సూత్తావు."

"నానెందుకు సూత్తాను?"

"పోయినేడు సాలిపేట వాలిపోతే సూడలేదేటి?"

ఆ తర్వాత ఎవరేం అన్నారో రాయలేను, అందరూ ఒకేసారి అన్నారు. బల్ల గుద్ది గుద్ది నా అరచెయ్యి వాచింది. వెళ్ళేటప్పుడు ఒక్కరు కూడా నమస్కారం పెట్టలేదు. ఒక రకంగా ఈ నెలలో మొదటిసారి వాళ్ళు నాతో నిజం మాట్లాడారు.

సమాఖ్య నుంచి కబురు వచ్చింది. ముల్లు ఎల్లుండికి ఎర్రగీత తాకుతుంది. అడుగుపేటను ఖాళీ చేయించి, కోత ఆజ్ఞ మీద సంతకం పంపండి.

నమోదు 18 – గురువారం

సంతకం చెయ్యలేదు. ఆరు కుండలూ తోపుడు బండి మీద పెట్టించి, ఊరి నడిమి ఆవరణలోకి పట్టపగలు తోయించాను. చక్రం ఒకటి కిర్రుమంటుంటే జనం వాళ్ళంతట వాళ్ళే తొంగి చూశారు. మైకు పుచ్చుకోలేదు. దాని మీద నాకు ఇష్టం పోయింది.

"ఇవి నావి. అందరికీ సమానంగా పంచుతానని చెప్పిన మర్నాడే దాచాను. తప్పు చేశాను. ఇప్పుడు అడుగుపేట బుడగలోకి వదిలేస్తున్నాను" అని ఆవరణలోకి వచ్చే ఆ పేట గొట్టానికి బిగించి మర తిప్పాను. ఆరూ ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను. ముల్లు ఒక వెంట్రుక పైకి లేచింది.

ఎవరో ఒకరు ముందుకొస్తారని అనుకున్నాను. శిక్షణలో చెప్పిన కథల్లో ఇలాంటి చోట అందరూ కరిగిపోతారు.

ఇక్కడెవరూ కరగలేదు. సాలిపేట ముసలాయన ఒకడు, "సెప్పేవి సీరంగ నీతులు" అని మిగతాది మింగేశాడు. సన్యాసినాయుడు గట్టిగానే అన్నాడు. "మేడమ్మే దాసుకుంది. అంటే దాసుకోవలసిన పనే ఉన్నాదన్నమాట." జనం ఆ మాటే పట్టుకుని పోయారు. సాయంత్రానికి ముల్లు పొద్దుటి కంటే కిందికి దిగింది. నా నిజాయితీ చూసి అందరూ ఇంకో కుండ నింపుకున్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక ఆఫీసు మెట్ల మీద కూర్చుంటే ఏడుపే వచ్చింది. పైడిరాజు మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చున్నాడు. చెప్పకుండానే కూర్చున్నాడు.

రేపు పొద్దున్న అడుగుపేట ఖాళీ చెయ్యాలని అసిరమ్మకు నేనే వెళ్ళి చెప్పాను. అలమర్లు విప్పుకోమన్నాను. ఆమె సరేనంది.

నమోదు 19 – శుక్రవారం

ఖాళీ చేసే వాళ్ళ కోసం పై పేటల నడవల్లో చాపలు పరిపిస్తున్నాను. కిందినుంచి నిచ్చెన మీద సామాను రావడం మొదలైంది. మొదట అలమర్లు వస్తాయనుకున్నాను. కుండలు వచ్చాయి.

నలుగురు మగవాళ్ళు మోస్తున్నారు, ముందు అసిరమ్మ నడుస్తోంది. ఐదు కుండలు. చివరిది పసుపు కుండ, తాతల నాటిది. దాన్ని చూడగానే నడవలో చాపలు పరిచేవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ కుండ గడప దాటడం మా ఊళ్ళో బతికున్న వాళ్ళెవరూ చూడలేదు.

అసిరమ్మ ఆవరణలో ఆగకుండా తిన్నగా మీదపేట బుడగ దగ్గరికి వెళ్ళి గొట్టం బిగించమంది. సన్యాసినాయుడు పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేటి సేత్తన్నావు? మాకెందుకు?"

"ఇల్లు పోయినాక కుండలు ఎవుల కోసం? మీ బుడగలో పోసీసి పోతాను. మా గాలి మీద మీరు తేలండి."

"మాకొద్దు."

"ఒద్దంటే ఎలాగ? దాసుకోడం తెలిసినోడివి, ఇచ్చింది పుచ్చుకోడం తెల్దేటి?"

మర తిప్పింది. ఐదు కుండలూ, పసుపు కుండతో సహా, బుస్సుమంటూ ఖాళీ అయ్యాయి. మీదపేట బుడగ అందరి కళ్ళ ముందే ఉబ్బింది. అప్పుడామె కింద కూర్చుంది. కాళ్ళు చాపుకుని, మడమల మీద లేచిన బొబ్బలు చూసుకుంది. ఆమె చెయ్యాల్సింది అయిపోయింది.

మీదపేట వాళ్ళ ముఖాలు చూడలేకపోయాను. కింది వాళ్ళ ఊపిరితో పై వాళ్ళు తేలుతున్నారని తరతరాలు చెప్పుకుంటారు, ఆ మాట పడడం వాళ్ళ వల్ల కాదు. చివరికి సన్యాసినాయుడు కోడల్ని పిలిచి, "గది తెరువు" అన్నాడు.

తొమ్మిది కుండలు బయటికొచ్చాయి. ఎవరో కిసుక్కుమన్నారు. అతను ఎవరి వైపూ చూడకుండా వాటిని సాలిపేటకు తోయించాడు. పోయినేడు వాలిపోయింది ఆ పేటే కదా. సాలిపేట వాళ్ళు ఏడు తెచ్చి పక్క పేటకు పోశారు. ఎవరూ తమ బుడగలో తాము పోసుకోలేదు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు కూడా. పొద్దు తిరిగేసరికి ముల్లు ఎర్రగీతను వదిలి పైకి పోయింది. విప్పిన అలమర్లు మళ్ళీ నిచ్చెన దిగాయి.

కోత ఆజ్ఞ చింపేశాను. సంతోషమే. కానీ రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాస్తాను. ఇంత పనీ నేను చేస్తే జరగలేదు, ఆవిడ చేస్తే జరిగిందని కొంచెం కుళ్ళుగా కూడా ఉంది. నేను ఇచ్చేస్తే నాకు పోయేదేం లేదు. ఉద్యోగం తప్ప పోవడానికి నా దగ్గరేముంది? ఆ సంగతి అందరికీ తెలుసు.

నమోదు 24 – బుధవారం

గొట్టాలు కలిపాం. ఎనిమిది బుడగలూ ఒకటయ్యాయి. మధ్యలో ఒకే ఒక పెద్ద మర, దానికి ఒకే తాళం. నేను గీసిన నమూనా ప్రకారం ఆ తాళం ముఖ్య నిర్వాహకురాలి దగ్గర ఉండాలి. నా మెడలో గొలుసుకు వేసుకున్నాను.

సమాఖ్య అభినందనలు పంపింది. మార్పును విజయవంతంగా నడిపిన తీరు గురించి మిగతా ఊళ్ళ అధికారులకు పాఠం చెప్పాలట. పైడిరాజు ఆ కబురు చదువుతుండగానే ఎనిమిది మంది పెద్దలూ లోపలికొచ్చారు. అభినందించడానికనుకుని కుర్చీలు వేయించాను. ఎవరూ కూర్చోలేదు.

అసిరమ్మ మాట్లాడింది. "ఒక గాలే బాగున్నాదమ్మా. దానికి మేం ఒప్పుకున్నాం. తాళం మీ మెడలో ఉండడానికి ఒప్పుకోం."

"ఎందుకు?"

"కోసీత్తారా అని అడిగితే అలాటిదేటీ లేదన్నారు. మా గచ్చు మీద కూకుని అన్నారు."

నా గొంతు లేచింది. ఆరు కుండలు అందరి ముందూ తెచ్చింది ఎవరు? సమాఖ్య అడిగినా సంతకం చెయ్యకుండా కూర్చున్నది ఎవరు? ఈ గొట్టాలు, ఈ మర ఎవరి బుర్రలోంచి పుట్టాయి? ఊరు నడిపేది నేను, తాళం లేకుండా ఎలా నడపమంటారు? అన్నీ అడిగాను, అరిచాను. వాళ్ళు ఎదురు చెప్పకుండా చివరిదాకా విన్నారు.

"నడపండమ్మా" అంది అసిరమ్మ. "మీకన్నా బాగా ఎవులు నడుపుతారు? ఎప్పుడు తిప్పాలో మీరు సెప్పండి. మేం వచ్చి తిప్పుతాం. నెలకో పేట కాడ ఉంతాది."

"మొదట ఎవరి దగ్గర?"

వాళ్ళు ముందే అనుకుని వచ్చారు. సన్యాసినాయుడు నేల చూస్తూ, "కిందోల కాడ" అన్నాడు.

నాకింకా కోపంగానే ఉంది. వాళ్ళు చెప్పింది అన్యాయమైతే సమాఖ్యకు రాసి, నలుగురికి చెప్పుకుని ఆ కోపం దించుకునేదాన్ని. న్యాయమే అయ్యింది కాబట్టి ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. గొలుసు జుట్టులో చిక్కుకుంది. పైడిరాజు విడదీయబోతే వద్దని నేనే తీసుకున్నాను. తాళం తీసి అసిరమ్మ చేతిలో పెట్టాను.